బావిలో పడిన గొంతు

ముందు చప్పుడు వస్తుంది. టక్, టకటక్, టక్.

తిరుపతిలో, కొర్లగుంటలో, ఆ సందులో ఉండేవాళ్ళకు అది చెక్క మీద చెక్క పడే చప్పుడని తెలుసు. పాలు కాస్తున్నవాళ్ళు మంట తగ్గిస్తారు. జడ వేసుకుంటున్నవాళ్ళు రిబ్బను పళ్ళ మధ్య పట్టుకుని వాకిట్లోకి తొంగి చూస్తారు. సాయంత్రపు ఎండ కొండ అంచు మీద నుంచి జారి, మేడల మీద ఆరేసిన చీరల్లో కాసేపు ఆగి, సందులోకి దిగేసరికి సగం చల్లారి ఉంటుంది. ఆ సగం ఎండలోకి, చప్పుడు వచ్చిన కాసేపటికి, పంకజాక్షి వస్తుంది.

రెండు చేతుల్లో రెండు కోలాటం కర్రలు. మెడలో కొలతల టేపు, తీయడం మరిచిపోయినది. చీర కుచ్చిళ్ళకు ఎవరి జాకెట్టుదో ఆకుపచ్చ దారం ముక్క. జాకెట్లు కుట్టడం ఆమె జీవనం. కోలాటం మాత్రం ఆమె ఊపిరి పీల్చుకునే తీరు. సందులో ఆడవాళ్ళను పోగుచేసి, వంటింట్లో నడిచినట్టు నడిచేవాళ్ళ చేత గాలిలో నడిచినట్టు అడుగు వేయించడం ఆమెకు చేతనవును. అలా పోగైన జట్టు కార్తీకంలో తిరుచానూరు అమ్మవారి వాహనం ముందు ఆడుతుంది.

ఒకప్పుడు ఆమె పాడుతూ నేర్పేది. రెండు వేల రెండులో గొంతు బొంగురుపోయింది. డాక్టరు లోపలికి అద్దం పెట్టి చూసి, గొంతుకు కొన్నాళ్ళు సెలవు ఇవ్వమన్నాడు. సెలవు పెట్టిన గొంతు మళ్ళీ డ్యూటీలో చేరలేదు. మాట వస్తుంది, గోనెసంచిని నేల మీద ఈడ్చినట్టు వస్తుంది. పాట రాదు. అప్పటి నుంచి ఆమె కర్రలతోనే మాట్లాడుతుంది. ఒక టక్కు అంటే రండి. రెండు అంటే అడుగు తప్పింది. ఆగకుండా టకటకలాడితే ఎవరో ఒకరికి బాగా మూడిందని అర్థం.

"అక్కకు గొంతు ఉన్నప్పుడే మేలుమే," అంటుంది ఎదురింటి లోకేశ్వరి, ఇడ్లీ పిండి రుబ్బి అమ్మే మనిషి, జట్టులో పంకజాక్షి పక్కన ఆడే మనిషి. "తిడితే ఆడికాడికి సరిపోయేది. ఈ కర్రల తిట్టు పండుకున్నా చెవిలో మోగతానే ఉంటాది."

పంకజాక్షి దానికి ఒకే ఒక్క టక్కు జవాబిచ్చేది. ఆ టక్కుకు అర్థం ఎవరూ అడగలేదు.

*

గొంతు ఇంకా చెప్పినట్టు వినే రోజుల్లో, తొంభై ఆరులో, జట్టంతా కలిసి ఒక రికార్డింగ్ సెంటరుకు వెళ్ళి ఒక పాట క్యాసెట్ చేయించుకున్నారు. పంకజాక్షి మిషను తొక్కుతూ తొక్కుతూ కట్టిన పాట అది.

మెల్లంగ మోయరే పల్లకీ
తల్లికి కునుకు పట్టిందీ

ఇదీ పల్లవి. ఊరేగి ఊరేగి అలసిన తల్లి పల్లకిలోనే నిద్రపోయింది, బోయీలారా, అడుగు మెత్తగా వేయండి అని పాట. గాజు గదిలో మైకు ముందు పంకజాక్షిని నిలబెట్టారు. డోలక్కు ఓబయ్య ఒక మూల, హార్మోనియం, తాళాలు ఇంకో మూల. అక్కడి ఆపరేటరు, "డోలక్కు ఎడమ స్పీకర్లో వస్తాది, తాళాలు కుడిపక్క, మీరు నడుమలోమా," అన్నాడు. నడుమ అన్న మాట ఆమెకు ఎంత నచ్చిందంటే ఆ రోజు ఇంటికి వచ్చేదాకా ఎవరితోనూ మాట్లాడలేదు. ఎడమన ఒక వాన, కుడిన ఒక వాన, నడుమ తడవకుండా తాను నిలబడినట్టు అనిపించింది.

గొంతు పోయాక ఆ క్యాసెట్టే ఆమె గొంతు. జట్టు దానికే ఆడేది. ఇంట్లో ఉన్నది ఒకే స్పీకరు ఉన్న పాత టేప్‌రికార్డరు. అందులో రెండు వానలూ, తానూ అన్నీ ఒకే గిన్నెలో కలిసి వినిపించేవి. అయినా వినిపించేవి.

రెండు వేల నాలుగులో, ఊరేగింపులో జట్టుకు పాట వేసే మైకు సెట్టు ఆయన కబురు పంపాడు. తోపుడు బండి మీద కొత్త పెట్టె పెట్టుకున్నాడట, ఇక క్యాసెట్లు అందులో పోవు, సీడీ తెచ్చుకోండని. పంకజాక్షి క్యాసెట్టును గాంధీరోడ్డు వెనక సందులో కుప్పయ్య దుకాణంలో ఇచ్చి సీడీ చేయించింది. మరుసటి రోజే కుప్పయ్య దుకాణం మూసి వేలూరులో చెల్లెలి ఇంటికి శుభకార్యానికి వెళ్ళిపోయాడు.

అలా ఆ వెండి బిళ్ళ ఇంటికి వచ్చింది. ఇంట్లో కూతురు భానుశ్రీ చదువు కోసం కొన్న కంప్యూటరు ఉంది. పరీక్షలప్పుడు పాటలు వింటున్నదని పంకజాక్షే దాని స్పీకర్లు ఊడబెరికించి అటక మీద పెట్టించింది, దసరాకు ముందు. ఇప్పుడు తానే ముక్కాలి పీట వేసుకుని దించింది. దుమ్ము తుడిచింది. భానుశ్రీ వైరు వెనక చేత్తో తడిమి గుచ్చింది. భర్త చెంగల్రాయుడు, అలిపిరికీ రైల్వే స్టేషనుకూ మధ్య జీపు తోలే మనిషి, చేతులు కడుక్కుని మరీ వచ్చి కూర్చున్నాడు. లోకేశ్వరి పిండి చేతులతోనే వచ్చింది.

బిళ్ళ లోపలికి వెళ్ళింది. తెర మీద రంగులు అలలు అలలుగా లేచాయి.

డోలక్కు వచ్చింది. ఓబయ్య వేళ్ళు తోలు మీద నడుస్తున్నట్టే ఉంది. తాళాలు వచ్చాయి, హార్మోనియం వచ్చింది. అప్పుడు పాట రావాలి. పాట వచ్చింది, కానీ ఎక్కడో దూరం నుంచి, లోతు నుంచి. ఎవరో బావిలో పడి, కేకలు వేసీ వేసీ అలసిపోయి, ఇక ఎవరూ రారులే అని తమలో తాము పాడుకుంటున్నట్టు.

నలుగురూ కాసేపు తెర మీది రంగులు చూశారు.

"డోలక్కు బ్రమ్మాండంగా ఉండాది," అన్నాడు చెంగల్రాయుడు.

"తాళాలు కూడా," అంది లోకేశ్వరి. అని ఊరుకుంటే బాగుండేది. "వాయిద్యాలన్నీ మణిమణిగా వినిపిస్తా ఉండాయి కదక్కా. అంటే పెట్టె మంచిదే. అప్పుడు మనకు తెలీలేదేమో, గొంతే కొంచెం..."

పంకజాక్షి కర్రల కోసం చూసింది. అవి వాకిట్లో ఉన్నాయి.

*

ఆ సాయంత్రం నుంచి ఆ ఇంట్లో ఒక వైద్యం మొదలైంది. జబ్బు ఎవరిదన్నది మాత్రం ఎవరూ పైకి అడగలేదు.

భానుశ్రీ తనకు తెలిసిన దారిలో వెళ్ళింది. శబ్దం పెంచింది. బావి పెద్దదయింది, గొంతు అక్కడే ఉంది. తెర మీద శబ్దం సర్దే మీటలు నిచ్చెనల్లా ఉన్న కిటికీ తెరిచి ఒక్కో మీట పైకీ కిందకీ జరిపింది. డోలక్కు ఒకసారి డబ్బాలాగా, ఒకసారి దుప్పటి కప్పుకున్నట్టుగా మోగింది. ఇంకో కిటికీలో హాలు, గుహ, స్నానాల గది అని పేర్లున్నాయి. ఒక్కోటి నొక్కింది.

"ఇది హాలుమా."

"హాల్లో అందరూ లేచి పొయినట్టుండాదే," అంది పంకజాక్షి.

"ఇది గుహ."

"వద్దు."

"స్నానాల గది."

"నేనేమన్నా నీళ్ళు పోసుకుంటా పాడినానా పాప. తియ్యి."

చెంగల్రాయుడు తన దారిలో వెళ్ళాడు. జీపుకు ఏం చేస్తాడో అదే దీనికీ చేశాడు. ముందు పక్కన తట్టాడు. తర్వాత స్పీకర్లోకి ఊదాడు. ఎడమ స్పీకరు కుడికి, కుడిది ఎడమకు మార్చాడు. డోలక్కు ఇటు నుంచి అటు వెళ్ళి కూర్చుంది, అంతే. స్పీకర్లను ఇనప బీరువా పక్క నుంచి తీసి చెక్క బల్ల మీద పెట్టాడు. బల్ల మీద నుంచి కిటికీలో పెట్టాడు. కిటికీలో పెట్టేసరికి పక్కింటి వాళ్ళు, "పాట బాగుండాదప్పా, ఎవురూ పాడలేదా," అని అడిగారు. మళ్ళీ బల్ల మీదికి తెచ్చాడు.

"నాకు తెలిసిపొయింది," అన్నాడు మరునాడు పొద్దున్నే. "ఎర్తు సరిగ్గా లేదు."

గోడవారగా గోరింట చెట్టు పక్కన ఇంటి ఎర్తు గుంట ఉంది. బిందెడు నీళ్ళలో దోసెడు ఉప్పు కలిపి అందులో పోశాడు. ఆ నీళ్ళు ఇంకేదాకా గుంట పక్కనే గొంతుక్కూర్చుని చూశాడు. లోపలికి వచ్చి పాట పెట్టించాడు. బావి అలాగే ఉంది. గోరింట చెట్టు మాత్రం ఆ వారంలో ఒక పక్క వాడిపోయింది.

"నాయనా, కుప్పయ్య సీడీ చెయ్యడంలోనే తప్పు చేసినాడేమో," అంది భానుశ్రీ. "సందు చివర వాళ్ళింట్లో సీడీ ప్లేయరు ఉండాది. ఆడ పెట్టి చూస్తే తెలిసిపోతాది."

"వద్దు," అంది పంకజాక్షి.

"పోనీ, ఈడే ఇంకేదన్నా పాట పెట్టి చూద్దామా. ఇంకొకరిది."

"గమ్మునుండు పాప. ఉండే సీడీకే దిక్కు లేదు."

భానుశ్రీ తల్లి ముఖం చూసి కంప్యూటరు ఆపేసింది.

పంకజాక్షి మిషను దగ్గరికి వెళ్ళి కూర్చుంది. ఎవరిదో జాకెట్టు చేయి కుట్టింది, తిప్పి చూస్తే అది తలకిందులుగా ఉంది. విప్పింది. విప్పుతుంటే ఆలోచన కూడా కుట్టు విడిపోతున్నట్టు ఒక్కో పోగే బయటికి వచ్చింది. ఇంకొకరి పాట పెట్టి, అది గనక శుభ్రంగా వినిపించిందంటే, ఇక మాట్లాడడానికి ఏమీ మిగలదు. పెట్టె మంచిది, బిళ్ళ మంచిది, డోలక్కు బ్రహ్మాండం. మిగిలింది ఒక్కటే. గొంతు పోయిందని ఆమె ఏడవలేదు. ఉన్నప్పుడు బాగుండేది కదా అని ఆ ఒక్క మాటను కొంగున ముడివేసుకుని రెండేళ్ళు తిరిగింది. ఇప్పుడు ఆ ముడి విప్పి చూడమంటున్నారు. లోపల ఏమీ లేకపోతే?

ఆ పాత టేప్‌రికార్డరులో అన్నీ కలిసి వినిపించాయి కదా, ఆ కలగలుపులో తన గొంతు లోపం దాగిపోయిందేమో. గాజు గదిలో ఆ ఆపరేటరు నడుమ అన్నది మర్యాదకు అన్నాడేమో. మల్లెమాలలో దారం నడుమే ఉంటుంది, దారాన్ని ఎవరు చూస్తారు.

చెంగల్రాయుడు వచ్చి గడప మీద కూర్చున్నాడు. "మే, నేను విన్నాను కదా నీ గొంతు. అప్పుడు."

"ఎట్లుండింది?"

పెళ్ళాం గొంతు ఎలా ఉండేదని అడిగితే ఏం చెప్పాలో జీపు తోలేవాళ్ళకు ఎవరూ నేర్పరు. "గట్టిగా ఉండింది," అన్నాడు.

ఆమె జాకెట్టు చేతిని మళ్ళీ తలకిందులుగా కుట్టింది.

*

అమ్మవారు ఏనుగు మీద ఊరేగే గజవాహనం రోజు దగ్గర పడింది. జట్టు ఆరోజు ఆడాలి. సాధన డోలక్కుకే చేస్తున్నారు. పాట ఎక్కడ మొదలవుతుందో తెలియక ఒకరి కర్ర ఒకరి గాజులకు తగులుతోంది. గాజులు పగిలినవాళ్ళు పంకజాక్షి వైపు చూడకుండా ఏరుకుంటున్నారు.

లోకేశ్వరి చేతులు కడుక్కుని, చీర సర్దుకుని, పనిమీద వచ్చినట్టు వచ్చింది. కొంగు చాటున ఏదో ఉంది.

"అక్కా, ఒక మాట చెప్తా. కర్రలు కింద పెట్టు ముందు."

పంకజాక్షి పెట్టింది.

"అందురూ నన్ను పొమ్మన్నారు. నేను వద్దంటానే వచ్చినాను. అమ్మోరి పాటల సీడీ ఒగటి తెచ్చినా, బజార్లో అమ్మేది. పాడినాయమ్మ రేడియోలో కూడా పాడతాదంట. ఈ ఒక్క తూరికి దీనికి ఆడదామా? నీ పాట మళ్ళా, అది బాగయినాక..."

బాగయ్యాక అన్న మాట దగ్గర లోకేశ్వరి కళ్ళు దించుకుంది. ఈ మనిషి నోటికి సిగ్గుపడడం కూడా వచ్చా అని పంకజాక్షికి ఆశ్చర్యం వేసింది.

"పెట్టు," అంది.

భానుశ్రీ తల్లిని చూసింది. "నిజంగానామా?"

"పెట్టమంటా ఉండా కదా. ఆయమ్మ ఎట్ల పాడిందో ఇందాము."

ఆమె కుర్చీలో కూర్చోలేదు. గోడకు వీపు ఆనించి, డాక్టరు గదిలో పేరు పిలిచేదాకా నిలబడే వాళ్ళలాగా నిలబడింది. బిళ్ళ లోపలికి వెళ్ళింది. వీణ వచ్చింది. ఇటువైపు నుంచి మృదంగం, అటువైపు నుంచి చిరుగంటలు. ఖరీదైన వాయిద్యాలు, వెన్న రాసినట్టు ఉన్నాయి. అప్పుడు ఆ రేడియో ఆమె పాట ఎత్తుకుంది.

బావిలోంచి.

అదే బావి. అదే లోతు. అదే తడి రాళ్ళ చప్పుడు. పంకజాక్షి పడిన చోటుకు ఒక జానెడు పక్కగా రేడియో ఆమె కూడా పడి, అలాగే అలసిపోయి, తనలో తాను పాడుకుంటున్నట్టు.

పంకజాక్షి నవ్వింది. ఆ నవ్వు గోనెసంచి ఈడ్చినట్టే ఉంది, కానీ సంచి నిండా ఏవో పూలు ఉన్నట్టు ఉంది.

"ఆయమ్మ కూడా పడిందిమే," అంది. "రేడియోలో పాడే ఆయమ్మ కూడా అదే బాయిలో పడింది."

"పాపం," అంది లోకేశ్వరి.

"ఇంకొకరిని పెట్టు పాప. మొగోళ్ళది పెట్టు."

భానుశ్రీ దగ్గర పాతవి ఏవో ఉంటే పెట్టింది. మగవాళ్ళు పడ్డారు. ఇంకో ఆమె పడింది. జంటపాటలో ఇద్దరూ పడ్డారు. పంకజాక్షి ఒక్కొక్కరు పడినప్పుడల్లా తొడ మీద చేత్తో తాళం వేసింది. అన్ని రోజులుగా ముందుకు వంగి ఉన్న వెన్ను నిటారుగా అయింది. మనుషులందరూ ఒకే కష్టంలో ఉన్నప్పుడు ఇంత సంతోషంగా ఎలా ఉంటుందో ఆమెకే తెలియలేదు.

"మంచిది," అంది చివరికి. "తప్పు పెట్టెదే. ఇంగ వెతకండి."

*

వెతకడానికి భానుశ్రీ బల్ల కిందికి దూరింది. ఇన్ని రోజులూ ముందు నుంచే వైద్యం జరిగింది, వెనకవైపు ఎవరూ చూడలేదు. అక్కడ బూజు, దారం ముక్కలు, ఒక పోయిన గుండీ ఉన్నాయి. స్పీకరు వైరు ఆకుపచ్చ రంధ్రంలో గుచ్చి ఉంది. దాని పక్కన గులాబీది, నీలిది, ఖాళీగా ఉన్నాయి. ఆమె వైరు పట్టి లాగింది. అది కొంచెం పట్టుకున్నట్టయి, టప్పున వచ్చింది.

"మా, ఇది చూడు."

ఇత్తడి రంగు పిన్ను మొదట్లో ఎర్రగా, గరుగ్గా ఏదో అంటుకుని ఉంది.

"తుప్పు," అన్నాడు చెంగల్రాయుడు, తనకు ముందే తెలుసన్నట్టు.

పంకజాక్షి పిన్ను అందుకుంది. గోటితో గీకింది. ఎరుపు కింద పసుపు కనిపించింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. చందనం.

దసరాలో ఆయుధపూజ రోజు. ఆ రోజు ఆ ఇంట్లో బొట్టు లేని వస్తువు ఉండదు. జీపుకు పెట్టారు, స్టెప్నీకి కూడా. కుట్టు మిషనుకు, కత్తెరకు, మిక్సీకి, కోలాటం కర్రలకు, ఇస్త్రీ పెట్టెకు. గంధం గిన్నె, కుంకుమ భరిణె పట్టుకుని పంకజాక్షి కంప్యూటరు దగ్గరికి వచ్చింది. ముందు తెరకు పెట్టింది. పెట్టెకు పెట్టింది. తర్వాత వెనక్కి కూడా వంగి చూసింది. దేవుడి ఉత్సవ విగ్రహానికి వీపున కూడా పూలు పెడతారు కదా, చూసేవాళ్ళు లేరని వదిలేస్తారా. అక్కడ ఆమెకు మూడు చిన్న వలయాలు కనిపించాయి. ఆకుపచ్చ, గులాబి, నీలం. ఒక్కోదాని నడుమ గుండ్రటి చీకటి. అంత ముద్దుగా, బొట్టు కోసమే చేసినట్టు ఉన్న చోటు ఆమె ఇంకెక్కడా చూడలేదు. ఉంగరపు వేలితో గంధం అద్ది, దాని మీద కుంకుమ పెట్టింది. స్పీకర్లు అటక మీద ఉన్నాయి గనక ఆ చీకట్లు ఖాళీగా ఉన్నాయి. గంధం నిదానంగా లోపలికి జారి, అక్కడే ఎండి, కార్తీకం దాకా ఓపికగా కూర్చుంది.

"ఎవురు పెట్టినారు దీంట్లో?" అన్నాడు చెంగల్రాయుడు.

"నేనే," అంది పంకజాక్షి. నేరం ఒప్పుకునే మనిషి ముఖం అంత వెలగడం ఆ ఇంట్లో ఎవరూ చూసి ఉండరు. "నేనే పెట్టినా. ఈ చేత్తోనే పెట్టినా. తప్పు చేతిదిమే లోకేశ్వరీ. గొంతుది కాదు."

"మూడింటికీ పెట్టినావా మా?"

"మూడు కండ్లట్ల ఉండె. ఒగదానికి పెట్టి రెండు ఎట్ల ఇడిసిపెట్టేది, బోసిగా?"

భానుశ్రీ కంప్యూటరు ఆపి, ప్లగ్గు తీసి, అగ్గిపుల్లకు దూది చుట్టి, స్పిరిట్లో ముంచి తిప్పింది. దూది ఎర్రగా వచ్చింది. మార్చింది. గులాబీగా వచ్చింది. మార్చింది. తెల్లగా వచ్చేదాకా మారుస్తూ, తల్లికి చెప్పింది. నడుమ ఉండే గొంతు రెండు స్పీకర్లలోనూ ఒకే తీరుగా ఉంటుందట. పిన్ను మొదలు లోపల సరిగ్గా తగలకపోతే ఆ రెండూ ఒకదాన్ని ఒకటి చెరిపేసుకుంటాయట. పక్కల్లో ఉండేవి మాత్రం మిగులుతాయట.

"అంటే నడుమ ఉండినందుకే పొయినాను," అంది పంకజాక్షి.

"అవునుమా."

"ఆ ఆపరేటరు నిజమే చెప్పినాడు అయితే."

*

పాట పెట్టారు. డోలక్కు ఒక పక్క, తాళాలు ఒక పక్క. మధ్యలో, ఏ స్పీకరూ లేని చోట, బల్ల మీద ఖాళీ గాలిలో, ఒక ఆడమనిషి వచ్చి నిలబడి పాడింది.

చెంగల్రాయుడు లేచి నిలబడ్డాడు, ఎందుకో ఆయనకే తెలియలేదు. లోకేశ్వరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ గొంతులో ఎనిమిదేళ్ళ కిందటి సాయంత్రాలు ఉన్నాయి. కొత్త కుండలో నీళ్ళు పోస్తే ముందు వచ్చే వాసన ఉంది. పాత టేప్‌రికార్డరులో ఎప్పుడూ వినిపించనివి కూడా వినిపించాయి. పల్లవికి ముందు ఆమె ఊపిరి తీసుకోవడం వినిపించింది. గాజులు కదలడం వినిపించింది. చరణానికీ చరణానికీ మధ్య, మైకుకు దూరంగా జరిగి ఎవరినో గుసగుసగా గదమడం వినిపించింది.

"కాళ్ళు ఆడిచ్చద్దు లోకేశ్వరీ, టేపులో పడతాది."

అందరూ లోకేశ్వరి వైపు చూశారు.

"ఆ పొద్దు కూడా నన్నేనా," అంది లోకేశ్వరి. "ఎనిమిదేండ్లుగా పాటలో పెట్టుకోని తిడతా ఉండావా అక్కా. నేను దానికే ఆడతా ఉండానా."

నవ్వులు అయ్యేసరికి రెండో చరణం వచ్చింది. అక్కడ కునుకు అన్న మాట పైకి ఎక్కుతుంది. పంకజాక్షి కళ్ళు మూసుకుని వింటోంది. మాట మెట్లు ఎక్కింది. చివరి మెట్టు దగ్గర కాలు అందీ అందనట్టయి, వెంట్రుకవాసి కిందనే నిలబడింది. హార్మోనియం పై మెట్టు మీద ఉంది, ఆమె పక్క మెట్టు మీద ఉంది. ఒక్క క్షణం. తర్వాత సర్దుకుని పల్లవిలోకి దిగింది.

పంకజాక్షి కళ్ళు తెరిచి మిగతావాళ్ళ ముఖాలు చూసింది. ఎవరూ గమనించలేదు. చెంగల్రాయుడు తల ఊపుతూనే ఉన్నాడు. లోకేశ్వరి కళ్ళు తుడుచుకుంటోంది. ఆ ఒక్క జారుడును పట్టగల చెవి ఆ గదిలో ఒకటే ఉంది, అది ఆమెదే.

"ఇంకొక తూరి పెట్టు," అంది.

పెట్టింది. జారింది.

ఆమె బల్ల చివర ఉన్న కుంకుమ దూది ఉండల వైపు కాసేపు చూసినట్టు భానుశ్రీకి అనిపించింది. "ఏందిమా?"

"ఏం లేదు. దాన్ని సరిచేసేది ఏమన్నా ఉందా దీంట్లో? పాటలో ఒక మాట కొంచెం పైకి లేపేది?"

"ఉందంటమా, పెద్ద పెద్ద వాళ్ళ దగ్గర. ఎందుకు, యాడన్నా తప్పు పడిందా?"

పంకజాక్షి ఆలోచించింది. అన్ని రోజులు బావిలో ఉండి వచ్చిన గొంతు. వచ్చీ రాగానే దాని చెంగుకు మడత ఉందని గుచ్చి సరిచేయాలా. కుట్టుపని చేసేవాళ్ళకు ఒక సంగతి తెలుసు, ఎక్కడ విప్పితే మొత్తం విడిపోతుందో.

"పడలేదులే," అంది. "పెట్టు, సాధన చేసుకుందాము."

*

గజవాహనం నాడు తిరుచానూరు మాడవీధిలో ఆ తోపుడు బండి మీది పెట్టె, కార్తీకపు చలిగాలి, కర్పూరపు పొగ, జనం, ఏనుగు మీద తల్లి. నడుమ ఆ గొంతు. మెల్లంగ మోయరే అని అది అంటుంటే జట్టు అడుగు మెత్తగా పడింది. కర్ర కర్రకే తగిలింది. లోకేశ్వరి తన తిట్టు వచ్చే చోట ముందే కాళ్ళు సరిచేసుకుంది. రెండో చరణంలో కునుకు దగ్గర పంకజాక్షి ఊపిరి బిగబట్టింది. అదే సమయానికి ఎవరో పెద్దగా గోవిందా అన్నారు, వీధంతా అందుకుంది, మాట ఎక్కడ ఎక్కిందో ఎక్కడ జారిందో తల్లికి తప్ప ఎవరికీ వినిపించలేదు.

ఆట అయ్యాక పలమనేరు నుంచి వచ్చిన ఒక ముసలామె పంకజాక్షి చేయి పట్టుకుంది.

"ఎవురుమా పాడింది? నా తల్లి, ఎంత బాగా పాడింది."

"నేనే అవ్వా," అంది పంకజాక్షి, తన గోనెసంచి గొంతుతో.

ముసలామె ఆమె ముఖం చూసింది, గొంతు వైపు చూసింది, బండి మీద పెట్టె వైపు చూసింది. "అట్లనా," అని, పిచ్చిపిల్లను ఓదార్చినట్టు బుగ్గ నిమిరి, జనంలో కలిసిపోయింది. పంకజాక్షి దాన్ని మెడల్ అందుకున్నట్టు అందుకుంది. ఇప్పటికీ ఆ సంగతి చెప్పేటప్పుడు బుగ్గ ఒకసారి తడుముకుంటుంది.

ఆమె గురించి రాయాలని వచ్చి కూర్చున్న మనిషికి ఇదంతా ఆమే చెప్పింది, జాకెట్టుకు హుక్కులు కుడుతూ, జారిన మాటతో సహా. ఎవరికీ తెలియని ఆ ఒక్క సంగతి ఎందుకు చెప్పావమ్మా, అది రాయనా వద్దా అని అడిగితే, దారం పళ్ళతో తెంపి, హుక్కు గట్టిగా పడిందో లేదో లాగి చూసి, అప్పుడు అంది.

"రాసుకో, దానికేముంది. నిద్దరపొయ్యే తల్లి కాడ అంత సరిగ్గా పాడితే, లేచి కూసోదా?"